పుస్తకం పేజీ అంత తెర: ఎంట్రీ లెవెల్ ట్యాబ్ ఎవరికి పనికొస్తుంది?

నమస్కారం. ఈరోజు మాట్లాడబోయే ట్యాబ్ నా దగ్గరకు వచ్చి ఇరవై ఆరు రోజులైంది. తయారీ సంస్థ దీన్ని రివ్యూ కోసం ఉచితంగా పంపింది, ఈ వీడియో పూర్తయ్యాక తిరిగి పంపించేయాలి. నేను వాళ్ల దగ్గర డబ్బు తీసుకోలేదు, చెప్పబోయే మాటలను ముందుగా వాళ్లకు చూపించనూ లేదు. మోడల్ పేరు, స్పెసిఫికేషన్ల పట్టిక వీడియో కింద వివరణలో ఉన్నాయి. మీలో చాలామంది వాటిని ఇప్పటికే చూసే ఉంటారు కాబట్టి ఇక్కడ చదివి వినిపించను. గుర్తు కోసం ఒక్క మాట: 10.1 అంగుళాల ఎల్‌సీడీ తెర, 1920 బై 1200 రిజల్యూషన్, 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్టోరేజ్, మెమరీ కార్డు స్లాట్, వైఫై మాత్రమే.

రోజువారీ వాడకానికి ఇలాంటి ట్యాబ్ పెట్టిన డబ్బుకు తగినదేనా అనేది మనముందున్న ప్రశ్న. బెంచ్‌మార్క్ స్కోర్లు, అంటే వేగాన్ని కొలిచే పరీక్షల్లో వచ్చే మార్కులు, దీనికి జవాబు చెప్పవని నా అభిప్రాయం, ఎందుకంటే ఈ తరగతి ప్రాసెసర్లన్నీ ఇంచుమించు ఒకే మెట్టు మీద ఉంటాయి. ఇంట్లో దీన్ని ఎవరు చేతిలోకి తీసుకుంటారు, తీసుకుని గంటసేపు ఏం చేస్తారు అన్నది చూస్తే జవాబు త్వరగా దొరుకుతుంది. మా ఇంట్లో దీన్ని ఎక్కువగా వాడింది మా అమ్మ. ఆమె వాడకంలో మూడొంతులు చదవడమే: స్కాన్ చేసిన పాత తెలుగు పుస్తకాలు, వార్తాపత్రికల ఈ-పేపర్లు, వాట్సాప్‌లో బంధువులు పంపే పీడీఎఫ్‌లు. అందుకే ఈ వీడియోలో సగభాగం తెర గురించే ఉంటుంది.

మొదటిరోజే నన్ను ఆకట్టుకున్న సంగతి ఒకటుంది. తెలుగులో నవలలు, కథా సంపుటాలు ఎక్కువగా అచ్చయ్యే కొలత డెమీ 1/8, అంటే సుమారు 8.5 అంగుళాల ఎత్తు, 5.5 అంగుళాల వెడల్పు. ఈ ట్యాబ్‌ను నిలువుగా పట్టుకుని స్కేలుతో కొలిచాను. తెర ఎత్తు 8.56 అంగుళాలు, వెడల్పు 5.35 అంగుళాలు వచ్చింది. 16:10 నిష్పత్తిలో ఉన్న ఏ 10.1 అంగుళాల తెరకైనా ఇదే లెక్క వర్తిస్తుంది. డెమీ సైజు పుస్తకాన్ని స్కాన్ చేసిన పీడీఎఫ్‌ను ఇందులో తెరిస్తే, పేజీ దాదాపు అసలు కొలతలోనే కళ్లముందు నిలుస్తుంది. పెద్దది చేయాలని రెండు వేళ్లతో సాగదీయడం, వాక్యం చివరి మాట కోసం పేజీని పక్కకు జరపడం, మళ్లీ వెనక్కి తేవడం అవసరమే లేదు. అదే పుస్తకాన్ని ఇదే నిష్పత్తిలో ఉన్న 8.7 అంగుళాల తెర మీద తెరిస్తే పేజీ ఇందులో కనిపించే కొలతలో 86 శాతానికి కుదించుకుపోతుంది. వినడానికి చిన్న తేడాలాగే ఉన్నా, అరవై దాటిన కళ్లకు ఆ పద్నాలుగు శాతమే చదవగలగడానికీ చదవలేకపోవడానికీ మధ్య ఉన్న తేడా.

కొలత కుదిరినంత మాత్రాన సరిపోదు, అక్షరం తేటగా కనబడాలి. తెలుగు లిపికి తెర చుక్కల సాంద్రత ఎంత అవసరమో ఈ ట్యాబ్ పక్కన మా పాత ట్యాబ్‌ను పెట్టి చూసినప్పుడే నాకు పూర్తిగా అర్థమైంది. పాతది కూడా 10.1 అంగుళాలదే, కాకపోతే రిజల్యూషన్ 1280 బై 800, అంటే అంగుళానికి 149 చుక్కలు. కొత్తదాంట్లో అంగుళానికి 224. ఇంగ్లీషు అక్షరాలైతే రెండింటిలోనూ హాయిగా చదవవచ్చు. తెలుగులో అక్షరం కింద ఒత్తు ఉంటుంది, ఆ ఒత్తులో మళ్లీ గీతలు, చుక్కలు ఉంటాయి. ‘అర్థం’ అనే మాటనూ ‘అర్ధం’ అనే మాటనూ గుర్తు తెచ్చుకోండి. మొదటిది భావం, రెండోది సగం. రెండింటినీ వేరుచేసేది ‘ర’ కింద ఉన్న ఒత్తు కడుపులో చుక్క ఉందా లేదా అన్నదే. ఒత్తు ఎత్తు ఒక మిల్లీమీటరు అనుకుంటే, పాత ట్యాబ్‌లో దాన్ని గీయడానికి నిలువునా దొరికేవి ఆరు చుక్కలు మాత్రమే. ఆ ఆరింటిలో పై గీత, కింది గీత, మధ్యలో ఖాళీ, ఆ ఖాళీలో మళ్లీ చుక్క ఇమడాలి. ఇమడక అంతా అలుక్కుపోయి బూడిదరంగు మచ్చలా మిగులుతుంది. కొత్తదాంట్లో అదే ఒత్తుకు దాదాపు తొమ్మిది చుక్కలు దక్కుతాయి కాబట్టి లోపలి చుక్క విడిగా కనిపిస్తుంది. ‘శాస్త్రం’, ‘రాష్ట్రం’ లాంటి రెండు ఒత్తుల మాటల్లో ఈ తేడా ఇంకా కొట్టొచ్చినట్టు తెలుస్తుంది. కెమెరాను దగ్గరగా తెస్తున్నాను, రెండు ట్యాబ్‌లలోనూ ఒకే పేజీ, ఒకే వాక్యం ఉంది, మీరే పోల్చి చూడండి.

ఇక్కడ ఒక పాత సంగతి చెప్పాలి. నా మొదటి ఆండ్రాయిడ్ ఫోన్‌లో తెలుగు వెబ్‌సైటు తెరిస్తే వరుసగా ఖాళీ డబ్బాలు కనిపించేవి. 2012లో ఆండ్రాయిడ్ 4.1 వచ్చినప్పుడు తెలుగు, కన్నడం, మలయాళం లిపులకు వ్యవస్థలోనే చోటు దొరికింది. డబ్బాల స్థానంలో అక్షరాలు ప్రత్యక్షమైన రోజున కలిగిన ఆనందం నాకింకా గుర్తుంది. ఆ తర్వాత కొన్నేళ్లకు అమ్మ కోసం ఆ పాత ట్యాబ్ కొన్నాను. రెండు నెలలు చదివి పక్కన పెట్టేసింది. ఆసక్తి పోయిందేమో అనుకున్నానే తప్ప, ఎందుకు పెట్టేశావని ఒక్కసారి కూడా అడగలేదు. ఈ కొత్త ట్యాబ్ ఇచ్చిన మూడోరోజు, “దీంట్లో ఒత్తులు తెలుస్తున్నాయిరా” అని తనంతట తానే చెప్పింది. అన్నేళ్లూ ఆమెను ఆపింది ఆ మసక అక్షరాలేనని అప్పుడు తెలిసింది. అందుకే ఈ తరగతిలో 1280 బై 800 తెరతో వచ్చే పది అంగుళాల ట్యాబ్‌ను తెలుగు చదివేవారికి నేను సిఫారసు చేయలేను. మిగతా విషయాల్లో అది ఎంత బాగున్నా సరే.

ఈ తెరకు లోపాలు లేకపోలేదు. పై గాజుకూ లోపలి ప్యానెల్‌కూ మధ్య గాలి పొర ఉంది, రెండింటినీ అతికించలేదు. కిటికీ పక్కన కూర్చుంటే ప్రతిబింబాలు ఎక్కువగా పడతాయి, అక్షరాలు గాజుకు కాస్త అడుగున ఉన్నట్టు అనిపిస్తాయి. అంతకంటే నన్ను విసిగించింది కాంతిని కొలిచే సెన్సర్ లేకపోవడం. ఆటో బ్రైట్‌నెస్ అనే మాటే సెట్టింగుల్లో కనబడదు. పగలు వరండాలో చదివిన వెలుతురుతోనే రాత్రి దీపాలు ఆర్పాక తెరిస్తే కళ్లు జిగేలుమంటాయి, ప్రతిసారీ తెర పైనుంచి సెట్టింగుల పట్టీని లాగి వెలుతురు తగ్గించుకోవాలి. చాలా చిన్న విడిభాగం అది. చదవడానికి ఇంత చక్కగా కుదిరిన తెరను ఇచ్చి, ఆ ఒక్కటీ తీసేయడం నాకు బాధ కలిగించింది. బరువు 470 గ్రాములు. అరగంట దాటితే ఒంటిచేత్తో పట్టుకోవడం కష్టం కాబట్టి నిలబెట్టుకునే వీలున్న కవరు తప్పనిసరి అనుకోండి.

వీడియోల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఓటీటీ యాప్‌లు తమ వీడియోలు కాపీ కాకుండా వాడే రక్షణ వ్యవస్థ వైడ్‌వైన్. ఇందులో దాని పై స్థాయి ఎల్1 ఉంది, కాబట్టి ఆ యాప్‌లలో హెచ్‌డీ నాణ్యత వస్తుంది. కింది స్థాయి ఎల్3 మాత్రమే ఉన్న ట్యాబ్‌లలో తెర ఎంత మంచిదైనా నెట్‌ఫ్లిక్స్ లాంటి సేవలు హెచ్‌డీ కంటే తక్కువైన 480పీ దగ్గరే ఆగిపోతాయి. ఏ ట్యాబ్ కొన్నా ఈ ఒక్కటీ ముందే చూసుకోండి. స్పీకర్లు గదికి సరిపోతాయి, కెమెరా వీడియో కాల్‌కు సరిపోతుంది, అంతకు మించి వాటి గురించి చెప్పవలసింది లేదు.

ఇక నా అసంతృప్తికి అసలు కారణం దగ్గరకు వద్దాం. అది స్టోరేజ్. పెట్టె మీద 64 జీబీ అని ఉంటుంది. తయారీదారులు లెక్కించే జీబీకీ, వ్యవస్థ లోపల లెక్కించే జీబీకీ కొలత వేరు కావడంతో అది అరవై లోపే తేలుతుంది. అందులో ఆండ్రాయిడ్, దానితోపాటు వచ్చిన యాప్‌లు తమ వాటా తీసుకోగా నాకు మొదటిరోజు మిగిలింది 41 జీబీ. పరిమాణం కన్నా పెద్ద చిక్కు దాని రకం. ఇది ఈఎమ్‌ఎమ్‌సీ 5.1 రకం స్టోరేజ్. ఒంటి వరుస వంతెన మీద ఒకవైపు బండ్లు పోతున్నంతసేపూ రెండోవైపు బండ్లు ఆగాల్సినట్టే, ఇందులో డేటా రాస్తున్నప్పుడు చదవడం ఆగాలి, చదువుతున్నప్పుడు రాయడం ఆగాలి. యూఎఫ్‌ఎస్ అనే మరింత వేగమైన స్టోరేజ్ రకంలో రెండూ ఏకకాలంలో సాగుతాయి. అందుకే, ఒక యాప్ వెనకాల అప్‌డేట్ అవుతున్నంతసేపూ ట్యాబ్ మొత్తం బరువెక్కినట్టు ప్రవర్తిస్తుంది. ఒక సాయంత్రం అమ్మ పుస్తకం చదువుతుండగా నాలుగైదు యాప్‌ల అప్‌డేట్లు మొదలయ్యాయి. పేజీ తిప్పడానికి వేలితో తోసింది, కదల్లేదు. మళ్లీ తోసింది, అప్పుడూ కదల్లేదు. మూడోసారి తోశాక ఒక్కసారిగా మూడు పేజీలు దాటిపోయాయి. ఆమె ఆగిన చోటు పోయింది. పాడైపోయిందేమోనని కంగారుగా నా దగ్గరకు తెచ్చింది. దీనికి నేను చేసిన ఉపాయం, ప్లే స్టోర్‌లో ఆటో అప్‌డేట్ ఆపేసి, వారానికోసారి రాత్రి చార్జింగ్‌లో పెట్టినప్పుడు నేనే అన్నింటినీ అప్‌డేట్ చేయడం. ఆ ఇబ్బంది మళ్లీ రాలేదు.

పెట్టె మీద పెద్ద అక్షరాలతో ఉన్న వర్చువల్ ర్యామ్ గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 4 జీబీ ర్యామ్‌కు మరో 4 జీబీ కలుస్తుందని అందులో ఉంది. ఆ రెండో నాలుగు వచ్చేది ఈ నెమ్మది స్టోరేజ్ లోంచే. ఉన్న స్థలం తరుగుతుంది, ఆ ఒంటి వరుస వంతెన మీద రద్దీ పెరుగుతుంది. నేను దాన్ని ఆపేశాకే ట్యాబ్ కాస్త తేలికపడింది. స్టోరేజ్ నిండేకొద్దీ మందకొడితనం ఇంకా పెరుగుతుంది, ఎందుకంటే ఈ ఫ్లాష్ మెమరీలో కొత్తది రాయాలంటే ముందు ఆ గడిని ఖాళీ చేయాలి, ఖాళీ గడులు తగ్గితే ఆ పనికే సమయం పడుతుంది. కనీసం పది జీబీ ఎప్పుడూ ఖాళీగా ఉంచండి. పుస్తకాలు, సినిమాలు, ఫొటోలను మెమరీ కార్డులోకి మార్చండి. మా దగ్గర ఇప్పుడు పుస్తకాలన్నీ కార్డులోనే ఉన్నాయి.

చార్జింగ్‌కు ఓపిక కావాలి. బ్యాటరీ 7,000 ఎంఏహెచ్, అంటే సుమారు 27 వాట్-అవర్లు. పెట్టెలో ఇచ్చిన చార్జర్ 10 వాట్లది. కాగితం మీద లెక్కే మూడు గంటలకు దగ్గరవుతుంది, నా చేతిలో నాలుగు గంటలకు పది నిమిషాలు తక్కువ పట్టింది. రాత్రి పెట్టి పొద్దున తీసుకునే ఇంట్లో ఇదేమీ పెద్ద లోటు కాదు. చదవడానికి మాత్రమే వాడితే రెండు రోజులు నిలిచింది. సెక్యూరిటీ అప్‌డేట్లు మూడేళ్లు ఇస్తామని సంస్థ అంటోంది. బ్యాంకు యాప్‌లు వాడేవారు ట్యాబ్ మార్కెట్లోకి వచ్చిన తేదీ నుంచి ఆ మూడేళ్లు లెక్కపెట్టుకోవాలి, కొన్న తేదీ నుంచి కాదు.

స్ప్రెడ్‌షీట్‌తో పని ఉన్నవారు, బ్రౌజర్‌లో పది ట్యాబ్‌లు తెరిచి ఉంచే విద్యార్థులు, పెద్ద గేములు ఆడేవారు దీన్ని కొనవద్దు. కీబోర్డు తగిలించి చిన్న ల్యాప్‌టాప్‌లా వాడాలని నేను వారం రోజులు ప్రయత్నించాను. వీడియో కాల్ నడుస్తుండగా డాక్యుమెంట్ తెరిచిన ప్రతిసారీ వెనకాల ఉన్న యాప్ మూసుకుపోయి, మళ్లీ మొదటినుంచి లోడ్ అయింది. ఆ డబ్బుకు కొంత కలిపి ఎనిమిది జీబీ ర్యామ్ ఉన్నదాన్ని తీసుకోవడమే మేలు, లేదా ఒకరు వాడి మానేసిన మంచి ల్యాప్‌టాప్ వెతుక్కోవడం ఇంకా మేలు.

చదవడానికి, చూడడానికి, ఇంటివాళ్లతో ముఖాముఖి మాట్లాడడానికి అయితే ఇది పెట్టిన డబ్బుకు న్యాయం చేస్తుందని గట్టిగానే చెబుతాను. స్టోరేజ్ మీద నాకున్న అసంతృప్తిని ఆ తెర గెలిచింది. అయితే 64 జీబీది వద్దు, ఇదే మోడల్‌లో 6 జీబీ ర్యామ్, 128 జీబీ స్టోరేజ్ ఉన్న రకం ఉంది, దాన్ని తీసుకోండి. స్టోరేజ్ రకం అందులోనూ మారలేదు, కానీ ఖాళీ ఎక్కువగా ఉండడంతో ఊపిరి ఆడుతుంది. ఈ రివ్యూ యూనిట్ సోమవారం సంస్థకు వెళ్లిపోతుంది. 128 జీబీది నిన్ననే నా డబ్బుతో ఆర్డర్ చేశాను. అమ్మ చదువుతున్న నవలలో ఇంకా వంద పేజీలు మిగిలి ఉన్నాయి, మెమరీ కార్డును ఇందులోంచి తీసి అందులో పెడితే చాలు.