చర్చా కార్యక్రమం: అప్రెంటిస్‌కి నెలకి ఎంతిస్తే న్యాయం?

(రికార్డింగ్ విని రాసింది. ముగ్గురూ ఒకేసారి మాట్లాడిన చోట వినబడినంత వరకే ఉంది.)

యాంకర్: నమస్కారం. అప్రెంటిస్‌ల స్టైపెండ్, అంటే ఫ్యాక్టరీలో పని నేర్చుకునేటప్పుడు వాళ్లకి ఇచ్చే నెల భత్యం, 5 వేల నుంచి 9 వేల మధ్య ఉంది. దాన్ని 36 శాతం పెంచి 6,800 నుంచి 12,300 మధ్యకు తేవాలని కేంద్ర అప్రెంటిస్‌షిప్ కౌన్సిల్ 2025 మేలో సిఫారసు చేసింది. ఇక్కడ తెలంగాణలోనేమో 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తో కలిసి ఏటీసీలుగా, అంటే అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లుగా మార్చారు. ముగ్గురికీ సమానంగా టైం ఇస్తాను. ముందు ఒక్క మాట: "మా అబ్బాయి ఐటీఐ చేస్తున్నాడు" అని మన ఇళ్లలో గర్వంగా చెప్పుకునేవాళ్లున్నారా?

విద్యార్థి నాయకుడు: అసలు విషయం అది కాదండీ. అప్రెంటిస్ చట్టం 1961 నాటిది. అందులో 18వ సెక్షన్...

పరిశ్రమ యజమాని: సెక్షన్లు తర్వాత బాబూ, ముందు షెడ్డు చూద్దాం. జీడిమెట్లలో మాది చిన్న యూనిట్. ఐటీఐ పాసైన పిల్లాడు వస్తాడు. చేతికి కొలతలు తీసే వెర్నియర్ ఇస్తే తిరగేసి పట్టుకుంటాడు. మూడు నెలలు చేసే పీసులు పాడుచేస్తాడు, మెటీరియల్ నాది. చేయి తిరిగాక పక్క షెడ్డువాడు ఐదొందలు ఎక్కువిస్తే వెళ్లిపోతాడు. స్టైపెండ్ నేను కట్టాలి, లాభం ఆ పక్క షెడ్డువాడికి!

విద్యార్థి నాయకుడు: మొత్తం మీరే కట్టట్లేదు కదా సార్. 2016లో వచ్చిన పథకంలో 25 శాతం, నెలకి 1,500 దాకా కేంద్రమే ఇస్తోంది.

పరిశ్రమ యజమాని: 1,500! కరెంటు బిల్లు చూపించమంటారా?

యాంకర్: కరెంటు సంగతి వద్దులెండి. తల్లిదండ్రుల చిన్నచూపు గురించి...

రిటైర్డ్ ట్రైనింగ్ ఆఫీసర్: అమ్మా, ఒక్క నిమిషం. ముప్పై ఏళ్లు ఫిట్టర్ ట్రేడ్ చెప్పాను. పిల్లలకి వెర్నియర్ రాదంటున్నారు, నిజమే. నా బ్యాచ్‌లో ఇరవై మందికి ఉన్నవి మూడు వెర్నియర్లు. ఇప్పుడు ఏటీసీల్లో రోబోలు, కంప్యూటర్‌తో నడిచే సీఎన్‌సీ మెషిన్లు పెట్టారు, సంతోషం. కానీ వాటి మీద చేయి తిరిగిన ఏటీఓ, అంటే పాఠం చెప్పే అసిస్టెంట్ ట్రైనింగ్ ఆఫీసర్, లేకపోతే అవి అద్దాల బీరువాలో బొమ్మలే. ఖర్చు 2,324 కోట్లు అన్నారు. అందులో మాస్టారికి శిక్షణ ఎంత అని...

పరిశ్రమ యజమాని: మాస్టారు చెప్పేది కరెక్ట్, నా మాటే అన్నారు.

రిటైర్డ్ ట్రైనింగ్ ఆఫీసర్: మీ మాట కాదండీ, నేను...

పరిశ్రమ యజమాని: చదువు ఐటీఐలో రాదు, షెడ్డులో వస్తుంది. మా నాన్న బాలానగర్‌లో లేత్ దగ్గర ఊడుస్తూ ఊడుస్తూ నేర్చుకున్నాడు. స్టైపెండ్ లేదు, సెక్షన్ లేదు. రెండు పూటలా తిండి, పండక్కి బట్టలు. అంతే!

విద్యార్థి నాయకుడు: అదే కష్టం మా పిల్లలూ పడాలా? ఐటీఐ పాసైనవాడికి 7 వేలు. ఆ డబ్బుతో జీడిమెట్లలో రూమ్ అద్దె, మెస్, బస్ పాస్ గడుస్తాయా? పైగా ట్రేడ్ పేరు టర్నర్, అంటే లేత్ పని; చేయించేది ప్యాకింగ్, లోడింగ్. 18వ సెక్షన్ ప్రకారం అప్రెంటిస్ శిక్షణలో ఉన్నవాడే గానీ కార్మికుడు కాడు. అందుకే చవగ్గా దొరికాడని...

పరిశ్రమ యజమాని: చవగ్గానా! చేయి నలిగితే ఎవరు చూసుకుంటారు?

విద్యార్థి నాయకుడు: పని చేసేటప్పుడు దెబ్బ తగిలితే యజమానే నష్టపరిహారం ఇవ్వాలని 16వ సెక్షన్ చెబుతోంది. ఇంతకీ మీ యూనిట్‌లో ఎంతమంది పనిచేస్తారు?

పరిశ్రమ యజమాని: ఇరవై రెండు.

విద్యార్థి నాయకుడు: ముప్పై మంది, ఆపైన ఉంటేనే అప్రెంటిస్‌లను తీసుకోవడం తప్పనిసరి. మీకు బలవంతమే లేదు! మరి ఎందుకింత...

(ఇక్కడ రెండు నిమిషాలకు పైగా గోల. "నా ఒక్కడి సంగతి కాదు", "జవాబు చెప్పండి" అన్న రెండు మాటలే స్పష్టంగా వినబడ్డాయి.)

యాంకర్: ప్లీజ్, ప్లీజ్. నేను మళ్లీ అక్కడికే వస్తాను. పెళ్లి సంబంధం మాట్లాడేటప్పుడు అబ్బాయి ఫిట్టర్ అంటే పిల్లనిస్తారా? అసలు సమస్య ఇది కాదా?

రిటైర్డ్ ట్రైనింగ్ ఆఫీసర్: మంచి జీతం ఉంటే ఇస్తారమ్మా. మా స్టూడెంట్లలో రైల్వేలో ఉన్నవాళ్లకి కట్నం కూడా ఇచ్చారు.

పరిశ్రమ యజమాని: కట్నం అంటే గుర్తొచ్చింది. ఇవాళ మా ఏరియాలో వెల్డర్ కావాలంటే బీహార్ నుంచి రావాలి. మనవాళ్లంతా బీటెక్. చదివి డెలివరీ బండెక్కుతున్నారు!

యాంకర్: ఇదే, ఇదే నేను మొదటి నుంచి అంటున్నది!

విద్యార్థి నాయకుడు: డెలివరీ బండి మీద ఏడు వేల కంటే ఎక్కువ వస్తుంది కాబట్టి ఎక్కుతున్నారు. చిన్నచూపు వల్ల కాదు.

యాంకర్: టైం అయిపోతోంది. ఒక్కొక్కరు పది సెకన్లలో. సార్, ముందు మీరు.

పరిశ్రమ యజమాని: స్టైపెండ్ పెంచండి, వద్దనట్లేదు. ఆ పెంచింది ప్రభుత్వమే కట్టాలి. నేర్చుకున్నవాడు రెండేళ్లు నా దగ్గరే ఉండేలా బాండ్ కావాలి. పని మధ్యలో వదిలి వెళ్తే... (ఇలా నిమిషంన్నర)

రిటైర్డ్ ట్రైనింగ్ ఆఫీసర్: మాస్టార్ల సంగతి ఒక్కటి...

యాంకర్: సారీ సార్, బ్రేక్ అంటున్నారు. పరిశ్రమ బాధలో నిజముందని ఇవాళ అందరం ఒప్పుకున్నట్టే.

విద్యార్థి నాయకుడు: ఎవరు ఒప్పుకున్నారండీ? బాండ్ అంటే వెట్టి...

(మైక్ ఆగింది. ప్రకటనలు.)