కాన్వెంటు గోడల లోపల ఎవరి మాట చెల్లుతుంది?

వేదిక మీది పెద్దలకు, సిస్టర్లకు, ముందు వరసలో కూర్చున్న ఫాదర్ గార్లకు, మన పర్లాకిమిడి తెలుగువాళ్లందరికీ నమస్కారం.

కతోలిక మఠాల్లో సంప్రదాయం, ఆధునికత గురించి మాట్లాడమన్నారు. ఈ మాట చెవిన పడగానే మనవాళ్లకి ముందు గుర్తొచ్చేది బట్టలు. "మా చిన్నప్పుడు సిస్టర్లు నిలువెల్లా కప్పుకునేవారు, తర్వాత చీరలొచ్చాయి, ఇప్పుడు చుడీదార్లు కూడా వేస్తున్నారు, అంతా మారిపోయింది" అంటారు. నేను ముప్పై ఏళ్లకు పైగా సిస్టర్ల పక్కన స్కూల్లో పాఠాలు చెప్పినదాన్ని. బట్ట చూసి మఠాన్ని అంచనా కట్టకూడదని నా అభిప్రాయం. అయినా అందరూ అక్కడే మొదలుపెడతారు కనుక నేనూ అక్కడే మొదలుపెడతాను.

1849లో ఆల్ప్స్ కొండల దగ్గరి అనెసీ ఊరి నుంచి కొందరు సెయింట్ జోసెఫ్ సిస్టర్లు యానాంలో దిగారు. తర్వాత విశాఖకు వచ్చారు. మన తీరంలో ఆడపిల్లల చదువుకి దారి వేసినవాళ్లలో వాళ్లు ముందువరస. ఆ సభ, అంటే ఆ సిస్టర్ల సంఘం, 1650 నాటిది, ఫ్రాన్సులోని లె పుయ్ అనే ఊళ్లో పుట్టింది. ఆ తొలి సిస్టర్లు ఏం వేసుకున్నారో తెలుసా? ఆ కాలపు వితంతువుల దుస్తులు. ఎందుకంటే పెళ్లికాని పిల్ల తోడు లేకుండా వీధిలోకి వెళితే అక్కడ నలుగురూ నాలుగు మాటలంటారు, వితంతువు వెళితే ఎవరూ ఏమనరు. రోగుల ఇళ్లకీ బీదల గుడిసెలకీ తిరగాలి కదా, అందుకని జనంలో కలిసిపోయే బట్ట కట్టుకున్నారు. ఫ్రాన్సు ఫ్యాషన్లు మారిపోయాయి, వాళ్ల బట్ట మాత్రం అలాగే నిలిచిపోయింది. మూడు వందల ఏళ్లకి అదే పవిత్ర వస్త్రమై కూర్చుంది.

డాటర్స్ ఆఫ్ చారిటీ కథా ఇంచుమించు ఇదే. 1940లో స్పెయిన్ నుంచి ఒడిశాకు వచ్చిన సిస్టర్లు వీళ్లు. ఈ సభను 1633లో పారిస్‌లో విన్సెంట్ డి పాల్, లూయిజ్ డి మారియాక్ కలిసి పెట్టారు. అప్పటి నియమం ప్రకారం సన్యాసిని అంటే నాలుగు గోడల మధ్యే ఉండాలి. 1298లో పోపు ఎనిమిదో బోనిఫేస్ వేసిన గొళ్లెం అది. విన్సెంట్ గారు తెలివిగా, "వీళ్లు సన్యాసినులు కారు, రోగుల ఇళ్లే వీళ్ల మఠం, ఊరి వీధులే వీళ్ల ప్రాకారం" అనే అర్థం వచ్చేలా చెప్పి తప్పించారు. అందుకే వాళ్లు ఇప్పటికీ జీవితాంతపు వ్రతం, అంటే దేవుడికిచ్చే మాట, పట్టరు, ఏటా మార్చి 25 నాటికి ఆ వ్రతాన్ని మళ్లీ కొత్తగా తీసుకుంటారు. వాళ్ల తల మీద రెక్కలు విప్పిన కొంగలా ఉండే తెల్లటి కార్నెట్‌ను పాత ఫొటోల్లో చూసే ఉంటారు. దాని మూలం పారిస్ చుట్టుపక్కల పల్లెటూరి ఆడవాళ్ల తలగుడ్డ. ఏళ్లు గడిచేకొద్దీ అది పెరిగి పెరిగి, గంజి పెట్టి బిరుసెక్కించి ఇస్త్రీ చేస్తే తప్ప నిలబడని వ్యవహారమైపోయింది. తలుపుల్లోంచి పక్కకి తిరిగి రావాల్సిందే. 1964 సెప్టెంబర్ 20న ప్రపంచమంతటా ఒకే రోజు దాన్ని తీసి పక్కన పెట్టారు.

మరుసటి ఏడాది, 1965 అక్టోబర్ 28న, రెండవ వాటికన్ మహాసభ, అంటే లోకమంతటి కతోలిక బిషప్పుల సమావేశం, మఠవాసుల గురించి ఒక శాసనం చేసింది. బట్ట సాదాగా, పేదరికానికి తగ్గట్టు, ఆరోగ్యానికీ కాలానికీ చోటుకీ చేసే పనికీ సరిపడేలా ఉండాలంది. అంతే. మన దేశంలో చాలా సభలు చీర ఎంచుకున్నాయి. మదర్ తెరెసా అయితే ఎవరూ చెప్పకముందే, 1948లోనే, నీలి అంచు తెల్లచీర కట్టారు. ఆ చీరలు టిటాగఢ్‌లో కుష్ఠురోగులు నేస్తారు.

కానీ తెల్లచీర మన ఇళ్లల్లో ఇంకో గొడవ తెచ్చింది. యూరప్ సిస్టర్ గౌను వేసుకున్నంతకాలం అది దొరసాని బట్ట, మనకి సంబంధం లేదు. మన పిల్లే తెల్లచీరలో గుమ్మంలో నిలబడితే? బొట్టు లేదు, గాజు లేదు, పువ్వు లేదు. నాకు తెలిసిన ఒక తల్లి, కూతురు తొలి వ్రతం పట్టిన రోజున, పూజ అయ్యాక గుడి అరుగు మీద కూర్చుని, "బతికుండగానే పిల్లకి తెల్లకోక కట్టేసినారు తల్లీ" అని గుండెలు బాదుకుంది. చుట్టూ అందరూ ఒడియాలో పాటలు పాడుతున్నారు, లడ్డూలు పంచుతున్నారు. ఫ్రాన్సులో ఆడదానికి వీధి తలుపు తెరిచిన బట్ట, మన దగ్గర శుభకార్యంలో ఎదురు రాకూడని బట్ట. ఇందులో ఏది సంప్రదాయం, ఏది ఆధునికం? చీర తెచ్చినవాళ్లు ఆధునికంగానే ఆలోచించారు పాపం, మన అమ్మల సంగతి మాత్రం అడగలేదు. తర్వాత చాలా సభలు రంగు చీరలకి మారాయి.

సరే, బట్టలు వదిలేద్దాం. లోపలికి వెళదాం.

1917 నాటి శ్రీసభ (కతోలిక సంఘం) ధర్మశాస్త్రంలో మఠంలో చేరే పిల్లకి కట్నం ఉంది. నవ్వకండి, నిజమే. గోడల మధ్య ఉండే మఠాలకి తప్పనిసరి, మిగతా సభలు ఎవరి నియమావళి ప్రకారం వాళ్లు తీసుకునేవారు. పేద పిల్లలు కట్నం లేకుండా, లేదా కొద్దిపాటితో చేరి, వంటింట్లో, చాకిరేవులో, తోటలో పనిచేసేవారు. చదువుకున్న, కలిగిన ఇంటి పిల్లలు గాయక సిస్టర్లై లతీనులో (లాటిన్ భాషలో) ప్రార్థన పాడేవారు. ఒకే కప్పు కింద రెండు కులాలన్న మాట. అంటరానితనం దేశం నుంచే వచ్చాం కాబట్టి మనకి ఇది వివరించక్కర్లేదు. 1965 శాసనం, వీలైనంతవరకు సిస్టర్లలో ఒక్క తరగతే ఉండాలని చెప్పింది. నన్నడిగితే చీర కంటే చుడీదార్ కంటే ఇదే అసలు ఆధునికత. ఇంటికి రాసిన ఉత్తరం మఠం పెద్ద మదర్ చదివాకే పోస్టులో పడే పద్ధతి, అమ్మానాన్న చనిపోయినా వెళ్లనివ్వని పద్ధతి, ఇవి సడలడం కూడా.

అలాగని వంటింటి చాకిరీ పోయిందా అంటే, ఫాదర్ గార్లు ఏమీ అనుకోకండి, పూర్తిగా పోలేదు. 2018 మార్చిలో వాటికన్ దినపత్రిక తాలూకు మహిళల మాసపత్రికే రాసింది: బిషప్పుల ఇళ్లల్లో, గురువుల ఇళ్లల్లో వండి వడ్డించే సిస్టర్లకి చేతికొచ్చేది చాలా తక్కువని, కొన్నిచోట్ల ఏమీ లేదని.

ఆసుపత్రి సంగతి ఒకటి చెప్పాలి, ఎందుకంటే అది మన తెలుగు గడ్డ మీద జరిగింది. సిస్టర్లు వైద్యం చేయడం, ముఖ్యంగా పురుడు పోయడం, చాలాకాలం వాళ్ల పనికాదని అన్నారు. కన్యస్త్రీలకి కాన్పులేమిటని. అప్పట్లో మన ఆడవాళ్లు మగ డాక్టరు చేత చూపించుకోరు, చూపించనివ్వరు. ఇక బాలింతలు చచ్చిపోవడమే. మేరీ గ్లౌరీ అనే ఆస్ట్రేలియా డాక్టరమ్మ 1920లో గుంటూరు వచ్చి జేఎంజే (జీసస్, మేరీ, జోసెఫ్) సభలో చేరారు. సిస్టర్‌గా ఉంటూ వైద్యం చేయడానికి ఆమెకి పోపు దగ్గర నుంచి ప్రత్యేక అనుమతి కావలసి వచ్చింది. అందరు సిస్టర్లకీ ఆ తలుపు తెరుచుకున్నది 1936 ఫిబ్రవరిలో, రోము ఉత్తర్వుతో. వాటికన్ మహాసభకి పాతికేళ్ల ముందు మాట ఇది. మంచం మీద నొప్పులు పడుతున్న ఆడవాళ్లే ఆ నియమాన్ని విరగ్గొట్టారని నేనంటాను. గ్లౌరీ గారు 1943లో పెట్టిన కతోలిక ఆసుపత్రుల సంఘం ఇవాళ సికింద్రాబాదు కేంద్రంగా నడుస్తోంది.

భాష విషయానికొస్తే, ఈ ఊళ్లో నేను ఎక్కువ చెప్పక్కర్లేదు. గిడుగు రామమూర్తి గారు ఈ వీధుల్లో తిరుగుతూనే పుస్తకాల తెలుగు మీద యుద్ధం చేశారు, కొండల మీది సవర తెగ పిల్లలకి సవర భాషలోనే బడి పెట్టారు. అదే కాలంలో మన కాన్వెంట్లలో పిల్ల సిస్టర్లు అర్థం తెలియకుండా లతీను కీర్తనలు బట్టీపట్టి పాడేవారు. ప్రార్థనలో జనం మాట్లాడే భాషకి 1963లో గాని అనుమతి రాలేదు. ఇప్పుడు గజపతి జిల్లా కొండల మీద సవర పాటలు గుడిలో వినిపిస్తున్నాయి. మన తెలుగుకి మాత్రం ఇక్కడ చోటు తక్కువే. కేరళ, జార్ఖండ్ నుంచి వచ్చిన సిస్టర్లు ముందు ఒడియా నేర్చుకుంటారు, తెలుగు బజారులో కూరలు బేరమాడేంత వరకే.

పాతకాలపు బట్టలు వదలని సభలకే ఇప్పుడు పిల్లలు వస్తున్నారు, మార్పు వల్లే మిగతావి ఖాళీ అయ్యాయి అని కొందరంటారు. అమెరికా లెక్క చూపిస్తారు: 1965లో సుమారు 1,80,000 మంది సిస్టర్లుంటే, ఇప్పుడు 40 వేల లోపే. నిజమే. కానీ అదే కాలంలో అక్కడి ఆడపిల్లకి మఠంలో చేరకుండానే ప్రిన్సిపాల్, నర్సింగ్ సూపరింటెండెంట్ అయ్యే దారి దొరికింది. మరోవైపు, అమెరికాలోనే నాష్‌విల్ డొమినికన్లనే సిస్టర్లు పాత తెల్లటి అంగీ నిండా వేసుకుంటారు, కాలేజీ కూడా నడుపుతారు. ఆధునికమైన చీర కట్టిన మదర్ తెరెసా సిస్టర్లేమో ఇంటి ముఖం చూడటం బహు అరుదు. బట్టకీ నియమానికీ లంకె పెట్టలేమని చెప్పడానికే ఇదంతా.

ఇక్కడ బట్టకి ఇంకో టెన్షన్ కూడా ఉంది. 2008 ఆగస్టులో మన పక్క కంధమాల్‌లో క్రైస్తవుల మీద జరిగిన దాడుల్లో కాన్వెంట్లు తగలబడ్డాయి, సిస్టర్లు అడవుల్లో తలదాచుకున్నారు. 2025 జూలైలో ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ రైల్వే స్టేషన్‌లో ఇద్దరు కేరళ సిస్టర్లను అరెస్టు చేశారు, వారం దాటాక గాని బెయిలు రాలేదు. రైలెక్కేటప్పుడు మామూలు చుడీదార్ వేసుకునే సిస్టర్‌ని చూసి "ఆధునికం అయిపోయింది" అనేవాళ్లు ఈ సంగతి కూడా ఆలోచించాలి.

చివరగా, తల్లిదండ్రులతో ఒక మాట. మళ్లీ ఆ కట్నం దగ్గరికే వస్తున్నాను. పాత చట్టంలో కట్నం ఉన్నమాట నిజమే, కానీ పిల్ల బయటికి వచ్చేస్తే ఆ అసలు మొత్తం ఆమెకి తిరిగి ఇవ్వాలని కూడా రాసి ఉంది. కట్నం లేకుండా చేరి, చేతిలో ఏమీ లేని ఆమెకైతే, ఇల్లు చేరడానికీ కొన్నాళ్లు బతకడానికీ సరిపడా ఇవ్వాలని ఉంది. 1983 చట్టంలో కట్నం మాట తీసేశారు, బాగుంది. బయటికి వెళ్లేవాళ్లు తాము చేసిన పనికి ఏమీ అడగకూడదని, సభ మాత్రం న్యాయంగా, ప్రేమగా చూడాలని రాశారు. ఆ ప్రేమ ఎన్ని రూపాయలో రాయలేదు. ఇరవై ఏళ్లు బడిలో పాఠాలు చెప్పిన మనిషి నలభై ఐదో ఏట ఒక సూట్‌కేసుతో బస్టాండులో దిగితే, ఆమె పేరు మీద పీఎఫ్ ఉండదు, బ్యాంకు ఖాతా ఉండదు, కొన్నిసార్లు సర్టిఫికెట్లు కూడా మఠం బీరువాలోనే ఉంటాయి. ఇలా వచ్చేసినవాళ్ల కోసం పోపు ఫ్రాన్సిస్ రోములో ఒక ఇల్లు తెరిపించారని 2020లో, అప్పట్లో వాటికన్‌లో మఠాల శాఖ పెద్దగా ఉన్న కార్డినల్ బ్రాజ్ ది ఆవిజ్ చెప్పారు. బరంపురంలో గాని, 2016లో కొత్తగా ఏర్పడిన రాయగడ మేత్రాసనంలో (ఒక బిషప్పు కింద ఉండే ప్రాంతంలో) గాని అలాంటి ఇంటి గురించి నేను వినలేదు.

మీ పిల్ల "అమ్మా, సిస్టర్‌నవుతాను" అంటే అడ్డుపడకండి. పంపే ముందు మదర్ గారిని కూర్చోబెట్టి అడగండి: ఏం చదివిస్తారు, ఎన్నాళ్లకోసారి ఇంటికి పంపుతారు, సర్టిఫికెట్లు ఎవరి దగ్గర ఉంటాయి, రేపు వచ్చేస్తే చేతిలో ఏం పెడతారు. జవాబు కాగితం మీద రాసి ఇమ్మనండి. సంబంధం చూసేటప్పుడు ఇన్ని వాకబులు చేస్తాం కదా. సిస్టర్లు ముగ్గురు ఇక్కడే ఉన్నారు, టీ ఇచ్చేలోపు వాళ్లనే అడిగి మొదలుపెట్టండి. నమస్కారం.