ఒక్కసారి తల పైకెత్తండి

అందరికీ నమస్కారం. అధ్యక్షులవారికి, వేదిక మీదున్న పెద్దలకి, ఎండనపడి వచ్చిన మీ అందరికీ పేరుపేరునా నమస్కారాలు. నన్ను స్విట్జర్లాండ్ ట్రిప్ గురించి మాట్లాడమన్నారు, మంచుకొండలు, రైళ్లు అన్నీ రాసుకొచ్చాను కూడా, కానీ ఆ కాగితం జేబులోనే ఉంచుతున్నా, ఒక్క వంతెన గురించే చెప్తాను, ఏమనుకోకండి.

లూసర్న్ ఊరి మధ్యలోంచి రాయిస్ నది పోతుంది. దానికి అడ్డంగా, వంకర తిరిగి, పైన పెంకుల కప్పుతో ఉండే చెక్క వంతెన చాపెల్ బ్రిడ్జి. 14వ శతాబ్దంలో ఊరి రక్షణ కోసం కట్టారు, పొడవు 200 మీటర్ల పైనే, నడిచేవాళ్లకి మాత్రమే. పక్కనే నీళ్లలో ఎనిమిది పలకల రాతి బురుజు, అది వంతెన కంటే పాతది, ఒకప్పుడు ఖజానా అందులోనే, జైలూ అందులోనే.

మాకు అక్కడ ఇచ్చిన టైమ్ పదిహేను నిమిషాలు. పూలకుండీల పక్కన ఫొటోలు దిగాం, బస్సెక్కేశాం. తల మీద ఏముందో మాలో ఒక్కరూ చూళ్లేదండీ! రాత్రి రూమ్‌లో దాని గురించి చదువుతుంటే తెలిసింది, ఇంక నిద్ర పడితే ఒట్టు. తెల్లారకముందే ఒక్కణ్ణే నడుచుకుంటూ వెళ్లాను.

కప్పు దూలాల మధ్య వరసగా త్రికోణం చెక్క పలకలు, వాటి మీద బొమ్మలు. 17వ శతాబ్దంలో హైన్రిక్ వేగ్మన్ వేసినవి, ఊరి చరిత్ర, వాళ్ల సెయింట్ల కథలు, కింద జర్మన్ పద్యాలు. అలా మెడ నొప్పెట్టేదాకా చూసుకుంటూ పోతుంటే కాళ్ల కింద చెక్క రంగు మారింది, ముదురు గోధుమ రంగు పోయి లేతది వచ్చింది. అక్కణ్ణుంచి కాలిపోయిన భాగం అన్నమాట. 1993 ఆగస్టు 18, అర్ధరాత్రి దాటాక అంటుకుంది, సిగరెట్ పీక వల్లే అంటారు. బొమ్మల్లో మూడింట రెండు వంతులు ఆ ఒక్క రాత్రిలో పోయాయి. మూడు వందల ఏళ్ల పైగా నిలబడ్డవి! ఆ ఊరివాళ్లు ఊరుకోలేదు, ఎనిమిది నెలల్లో వంతెన మళ్లీ కట్టుకుని 1994 ఏప్రిల్‌లో తెరిచారు.

ఇప్పుడు అసలు సంగతి. అలా కట్టుకున్న ఆ కొత్త చెక్క మీద, రెయిలింగ్ లోపలివైపు, తాళంచెవితో గీకిన పేర్లు. వేలు పెట్టి తడిమితే గరుగ్గా తగుల్తున్నాయి. రెండు పేర్లు, మధ్యలో ప్లస్సు, తెలుగు అక్షరాల్లో. నాకు కాళ్లు ఆడలేదు. కర్చీఫ్ తడిపి రుద్దాను, పోతుందా, గీత అది, సిరా కాదు కదా. ఇది చెప్పడానికే ఇవాళ వచ్చాను, మంచుకొండల గురించి ఇంకెవరైనా చెప్తారు. మీ పిల్లలు వెళ్తారు, మీరూ వెళ్తారు, దండం పెడతాను, అక్కడే కాదు, ఎక్కడా గీకొద్దండీ.

బాబూ, ఆ లైట్లొకసారి ఆపు. ఇదిగో, తెర మీద చూడండి, ఈ నల్లటి త్రికోణం, ఇదీ బొమ్మే, మాడిపోయిన పలకని అలాగే ఉంచారు. కింద అంచున చూడండి, ఎడమ పక్క, కాస్త ఎరుపు మిగిలింది, కనపడుతోందా వెనకవాళ్లకి?