చెట్లు కొడితే నదిలో నీళ్లు పెరుగుతాయా?

హాయ్ అందరికీ. చెట్లు కొట్టేస్తే నదిలో నీళ్లు పెరుగుతాయి అని ఎవరైనా అంటే మనకి ఒళ్లు మండుద్ది కదా, అడవి ఉంటేనే నీళ్లు అని చిన్నప్పట్నుంచీ వింటూ పెరిగినవాళ్లం. కానీ వాగు దగ్గర కూర్చుని ఏళ్ల తరబడి కొలిచినవాళ్ల లెక్కలు చూస్తే ఆ మాటలో చాలా నిజముంది. ఎక్కడ, ఎంత, ఎన్నాళ్లు అన్న దగ్గరే అసలు చిక్కంతా.

వాన పడ్డప్పుడు కొంత నీరు ఆకుల మీదే ఆగి అట్నుంచి అటే ఆవిరైపోద్ది, నేలలోకి దిగినదాంట్లో కూడా చాలా భాగం వేర్లు లాగేసుకుని ఆకుల్లోంచి గాల్లోకి వదిలేస్తాయి, ఇక మిగిలిందే వాగుకి చేరేది. గడ్డి వేర్లు పైపైనే ఉంటాయి, చెట్టు మాత్రం ఎండాకాలంలో కూడా లోతు నుంచి తడి లాగుతూనే ఉంటది.

[స్క్రీన్ మీద: పక్కపక్కనే రెండు చిన్న లోయలు, రెండింటి కిందా ఒక్కో అడ్డుకట్ట, దాని మధ్యలో వి ఆకారంలో గండి]

దీన్ని కొలిచే పద్ధతి నాకు భలే నచ్చుద్ది. ఒకేలాంటి రెండు లోయలు తీసుకుని, కొన్నేళ్లు ఏదీ ముట్టుకోకుండా రెండు వాగుల్నీ కొలుస్తారు, ఇది ఇంత పారితే అది ఎంత పారుద్దో లెక్క కుదిరాక ఒక లోయలో మాత్రమే చెట్లు కొడతారు. ఆ గండిలో నీటిమట్టం ఎంతుందో చూస్తే ప్రవాహం తెలిసిపోద్ది. అమెరికాలో ఇది 1910లో కొలరాడోలోని వాగన్ వీల్ గ్యాప్ దగ్గర మొదలైంది. 1982లో బాష్, హ్యూలెట్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు ఇలాంటివి 94 ప్రయోగాలు ముందేసుకుని చూస్తే, పైన్, జామాయిల్ లాంటి చెట్లు 10 శాతం విస్తీర్ణంలో తగ్గితే వాగులో ఏడాదికి, లోయంతా పరిచి కొలిస్తే, సుమారు 40 మిల్లీమీటర్ల నీరు పెరుగుతుందని తేలింది, ఆకురాల్చే చెట్లకైతే 25, పొదలకైతే 10 అంతే.

మంచు పడే చోట కథ ఇంకోలా ఉంటది. కొమ్మల మీద నిలిచిన మంచు కరక్కుండానే నేరుగా ఆవిరైపోద్ది. కొలరాడోలోనే ఫూల్ క్రీక్ లోయలో 1950ల్లో లోయ విస్తీర్ణంలో దాదాపు 40 శాతం మేర అడవిని పట్టీలు పట్టీలుగా కొట్టారు, మొదటి ఏళ్లలో వాగు ప్రవాహం సుమారు 40 శాతం పెరిగింది. కాకపోతే ఆ ఎక్కువ నీళ్లలో చాలా వరకు మంచు కరిగే మే నెలలోనే వచ్చేశాయి. కింద రిజర్వాయర్ లేకపోతే నీళ్లకి కటకటలాడే నెలల్లో అవి అక్కరకి రావు.

ఇప్పుడు తేడా కొట్టే చోట్లు. ఏడాదికి 450, 500 మిల్లీమీటర్ల కంటే తక్కువ వాన పడే నేలలో పొదలు పీకినా పెద్దగా ఏమీ రాదు, మిగిలిన తడిని ఎండా గడ్డీ కలిసి తీసేసుకుంటాయి. అమెరికాలోని పెకోస్ నది ఒడ్డున సాల్ట్ సీడర్ అనే పొదల్ని విపరీతంగా తీసేశారు, నదిలో మాత్రం చెప్పుకోదగ్గ పెరుగుదల కనపడలేదు. ఇంకోటి మెల్‌బోర్న్‌ది. ఆ ఊరికి నీళ్లిచ్చే కొండల్లో 1939లో పెద్ద కార్చిచ్చు వచ్చి ముదురు మౌంటెన్ యాష్ (జామాయిల్ జాతి చెట్టు) అడవి కాలిపోయింది, దాని చోట ఒత్తుగా లేచిన లేత అడవి ముసలి అడవి కంటే ఎక్కువ తాగేసింది, పాతికేళ్లు దాటేసరికి నీటి రాబడి సగానికి దగ్గరగా పడిపోయింది, మళ్లీ మామూలు అవ్వాలంటే వందేళ్లకి పైనే. అందుకే నీళ్ల కోసం ఆ నేలలో సహజంగా పెరిగిన అడవిని నరికి వదిలేయడాన్ని నేను అస్సలు ఒప్పుకోను.

మరి ఎక్కడ చేయొచ్చు అంటే, నా లెక్కలో మొదటి పేరు దక్షిణాఫ్రికా. అక్కడి కొండల మీద ఫైన్‌బోస్ అనే పొదల నేల ఉంటది, దాంట్లోకి బయట్నుంచి వచ్చిన పైన్, వాటిల్ (తుమ్మ జాతి), జామాయిల్ చెట్లు పాకిపోయి వాగుల్ని తాగేస్తున్నాయని 1995లో ప్రభుత్వం వర్కింగ్ ఫర్ వాటర్ అనే పథకం మొదలెట్టింది, పని లేని పేదవాళ్లకి కూలీ ఇచ్చి ఆ చెట్లు కొట్టిస్తారు. మనిషి నిలబడలేని ఏటవాలులో తాళ్లకి వేలాడుతూ రంపం పట్టుకుని కోస్తారు.

[స్క్రీన్ మీద: కోసిన మోడు దగ్గరగా, బ్రష్‌తో మందు పూస్తున్న చెయ్యి]

ఈ మోడు చూడండి. జామాయిల్‌ని కోసి వదిలేస్తే మోడు చుట్టూ పిలకలు గుంపుగా లేస్తాయి, అందుకే కోసిన వెంటనే మందు పూస్తారు. వాటిల్ గింజలైతే మట్టిలో దశాబ్దాలు పడుంటాయి, ఒక్క మంట తగిలిందా అన్నీ ఒకేసారి మొలుస్తాయి. అంటే అదే కొండకి మళ్లీ మళ్లీ వెళ్లి మొక్కలు పీకాల్సిందే, మొదటిసారి కోతకి డబ్బులు దొరికినంత సులువుగా ఆ తర్వాత వెళ్లడానికి దొరకవు. మీ ముందుకి ఇలాంటి ప్రాజెక్ట్ ఏదైనా వస్తే ఎన్ని ఎకరాలు కొడతారు అన్నది తర్వాత, రెండో ఏడాది, అయిదో ఏడాది ఆ కొండెక్కేవాళ్లకి కూలీ ఎవరిస్తారో ముందు అడగండి.