పని లోకంలో తెలిసినవాళ్ళు లేని పిల్లల కోసం

అందరికీ నమస్కారం. ఇక్కడ టీచర్లున్నారు, స్వచ్ఛందంగా పిల్లలతో పనిచేసేవాళ్ళున్నారు, వెనక వరుసల్లో కంపెనీల నుంచి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారని చెప్పారు. మంచిది, ఇవాళ నాకు వాళ్ళతోనే ఎక్కువ పని ఉంది.

పేదింటి పిల్లల్ని ఉద్యోగాలకు తయారుచేయాలి అనగానే మనం చేసేది ఒక హాలు మాట్లాడటం, ఒక మోటివేషన్ స్పీకర్‌ని పిలవడం. (నా చేతిలోనూ మైకే ఉంది, నవ్వండి పర్లేదు.) ఆత్మవిశ్వాసం, క్రమశిక్షణ అంటూ ఓ రెండు గంటలు చెప్పి పంపేస్తాం. పొద్దున్నే లేచి తమ్ముళ్ళని బడికి తయారుచేసి, మంచాన పడ్డ అమ్మని చూసుకుని, సాయంత్రం నాన్న పనిలో చెయ్యేసే పదిహేనేళ్ళ పిల్లకి మనం క్రమశిక్షణ గురించి చెప్పడమేమిటండీ? ఉద్యోగాల్లో ఉన్న పెద్దవాళ్ళలో ఆ పిల్ల పేరు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇబ్బంది అక్కడుంది.

మార్క్ గ్రానొవెటర్ అని అమెరికాలో ఒక సామాజిక శాస్త్రవేత్త, కొత్తగా ఉద్యోగంలో చేరినవాళ్ళని మీకీ కబురు ఎవరు చెప్పారని అడిగి 1973లో ఒక వ్యాసం రాశారు. తెలిసినవాళ్ళ ద్వారా ఉద్యోగం దొరికినవాళ్ళలో ఎక్కువమందికి ఆ కబురు అందింది ప్రాణస్నేహితుల నుంచి కాదు, ఎప్పుడో అప్పుడప్పుడు కలిసే ముఖపరిచయస్తుల నుంచి. ఆలోచిస్తే సహజమే, మన దగ్గరివాళ్ళకి తెలిసింది మనకీ ముందే తెలిసి ఉంటుంది. మరి చుట్టుపక్కల అందరూ అవే రెండు మూడు రకాల కూలి పనులు చేసే చోట పెరిగిన పిల్లకి, లాబ్ టెక్నీషియన్ అనే పని ఒకటుందని, దానికి ఏం చదవాలో ఎవరు చెప్తారు?

అందుకే ఇంగ్లండ్‌లో గాట్స్‌బీ ఫౌండేషన్ 2014లో బడుల కోసం పెట్టిన ప్రమాణాల్లో ఒకటి నాకు బాగా నచ్చుతుంది: పదకొండేళ్ళ వయసు నుంచి ప్రతి ఏడూ, ప్రతి పిల్లా కనీసం ఒక్కసారి ఉద్యోగాలిచ్చేవాళ్ళని కలిసి తీరాలి. ఏదో ఒక్కసారి పిక్నిక్‌లా తీసుకెళ్ళి ఫోటో దిగి రావడం కాదు, ఏటా. కంపెనీలవాళ్ళకి నా మనవి, దయచేసి ఎం.డి. గారిని పంపకండి. ఆయన్ని చూసి పిల్లలు చప్పట్లు కొడతారు, అంతటితో సరి. నిన్నగాక మొన్న చేరిన కుర్రాణ్ణి పంపండి, ఇంటర్వ్యూలో ఏం అడిగారో, మొదటి వారం ఏం తెలియక ఎంత టెన్షన్ పడ్డాడో అతను చెప్తాడు.

టీచర్లకి రెండు మాటలు. పిల్లలు ‘నాకు అనుభవం ఏమీ లేదు’ అని బయోడేటా ఖాళీగా ఇస్తే ఒప్పుకోకండి. ఆఫీసుల్లో అమ్మానాన్నల తరఫున మాట్లాడి ఫారాలు నింపడం, నెలంతా ఇంటి ఖర్చు లెక్క చూసుకోవడం కూడా పనే, అది కాగితం మీద ఎలా రాయాలో కూర్చుని నేర్పండి. అలాగే పే స్లిప్ చదవడం, ఒంట్లో బాగోలేకపోతే ముందుగా ఫోన్ చేసి చెప్పడం, సర్టిఫికెట్లన్నిటిలో పేరు ఒకేలా ఉందో లేదో చూసుకోవడం. ఉద్యోగం ఇప్పిస్తామని ముందే డబ్బడిగేవాడు మోసగాడని మాత్రం నాలుగుసార్లు చెప్పండి, ఎందుకంటే వాళ్ళు వెతుక్కునేది సరిగ్గా ఇలాంటి ఇళ్ళనే.

పని నేర్పిస్తున్నాం కదా అని జీతం ఎగ్గొట్టడం నాకు అస్సలు నచ్చదు. ఇంట్లో డబ్బున్న పిల్లలే ఊరికే పనిచేయగలరు. షికాగోలో 2012 వేసవిలో, హింస ఎక్కువగా ఉన్న ప్రాంతాల బడిపిల్లలకి ఎనిమిది వారాలు, వారానికి 25 గంటలు, కనీస వేతనం ఇచ్చి పనిలో పెట్టారు, తోడుగా ఒక పెద్దమనిషిని కూడా ఉంచారు. లాటరీలో ఆ అవకాశం వచ్చినవాళ్ళని రానివాళ్ళతో పోల్చి చూస్తే, తర్వాతి 16 నెలల్లో హింసాత్మక నేరాల్లో అరెస్టులు 43 శాతం తక్కువ. చిన్న విషయం కాదది. కాకపోతే ఆ ఒక్క వేసవి వల్ల తర్వాత ఉద్యోగాలు ఎక్కువగా దొరికాయని మాత్రం తేలలేదు, ఆ పరిచయాలు వేసవితోనే ఆగిపోతే అంతే మరి అని నాకనిపిస్తుంది.

ఇంకోటి, వయసు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 1973 నాటి 138వ ఒప్పందం మామూలు పనికి కనీస వయసు 15 అంటుంది, అదీ నిర్బంధ విద్య పూర్తయ్యాకే. కొన్ని వర్ధమాన దేశాలకి 14 దాకా సడలింపు ఉంది. ప్రమాదకరమైన పనైతే 18. ‘శిక్షణ’ అని పేరుపెట్టి బడి మాన్పించే పని ఎవరు చేసినా అడ్డుపడండి.

చివరిగా, ఉద్యోగం వచ్చాక మనం చేతులు దులుపుకుంటాం చూశారా, పిల్లలు పని మానేసేది ఎక్కువగా అప్పుడే. మొదటి జీతం వచ్చేదాకా బస్సు డబ్బులుండవు, సూపర్‌వైజర్ అరిస్తే ఎవరికి చెప్పుకోవాలో తెలీదు. కంపెనీలు మొదటి నెల దారిఖర్చు ముందే ఇవ్వొచ్చు, పెద్ద మొత్తమేం కాదు. మొదటి వారం పూర్తయ్యాక ‘ఎలా ఉందమ్మా’ అని ఫోన్ చేసే మనిషి ఒకరుండాలి. ఏ పిల్లకి ఎవరు చేస్తారో ఇవాళ వెళ్ళేలోపే పేర్లు రాసుకుందాం, ఆ కాగితం టీచర్ల దగ్గరుంది. ఇక మీ ప్రశ్నలు అడగండి.