జెడ్ డ్రైవ్ మీద ఎర్ర గుర్తు పడితే డిస్కు బయటికి తీయకండి

నమస్కారం. సంక్రాంతి వెళ్ళిన వారం, ఆదివారం పొద్దున్నే తెనాలి నుంచి మా పెద్దనాన్న ఫోను చేశారు. "ఒరేయ్, జెడ్ డ్రైవ్ మీద ఎర్రటి గుర్తు పడింది. ఎంత నొక్కినా తెరుచుకోవడం లేదు. ఫొటోలన్నీ పోయినట్లేనా?" అన్నారు. పదవీ విరమణ తరువాత నాలుగేళ్ళు ఓపికగా కూర్చుని, ఇంట్లోని ఆల్బమ్‌లన్నింటినీ స్కాన్ చేసిన మనిషి ఆయన. మా నాయనమ్మకు ఉన్న ఒకే ఒక్క ఫొటో కూడా అందులోనే ఉంది. ఆయన కంగారు నాకూ అంటుకుంది.

ఆ ఫొటోలు ఉండేది ల్యాప్‌టాప్‌లో కాదు. రెండు డిస్కులు పట్టే చిన్న నిల్వ పెట్టె, నాస్ అంటాం కదా, అందులో ఉంటాయి. ల్యాప్‌టాప్ ఇంటి నెట్‌వర్క్ ద్వారా దాన్ని అందుకుని, జెడ్ అనే అక్షరం తగిలించి, తన సొంత డ్రైవ్‌లాగా చూపిస్తుంది. నేను మొట్టమొదట అడిగింది ఒక్కటే: "పెట్టెలోంచి డిస్కు బయటికి తీశారా?" "ఇంకా లేదు, స్క్రూడ్రైవర్ తెచ్చిపెట్టుకున్నాను" అన్నారు. "దయచేసి దాన్ని పక్కన పెట్టేయండి పెద్దనాన్నా" అన్నాను.

మీకూ ముందుగా అదే చెబుతున్నాను. ఇలాంటి పెట్టెల్లో చాలావరకు నడిచేది విండోస్ కాదు, లినక్స్ అనే మరో ఆపరేటింగ్ సిస్టమ్. అది డిస్కు మీద రాసే పద్ధతిని విండోస్ గుర్తుపట్టదు. డిస్కును తీసి యూఎస్‌బీ తీగతో ల్యాప్‌టాప్‌కు తగిలిస్తే, "వాడాలంటే ముందు ఫార్మాట్ చేయాలి, చేయమంటారా?" అని విండోస్ అడుగుతుంది. కంగారులో ఉన్న మనిషి సరే అని నొక్కేస్తాడు. అప్పటిదాకా భద్రంగా ఉన్న ఫొటోలు పోయేది అక్కడే. పెట్టె వెనక సూదితో నొక్కే రీసెట్ రంధ్రం ఉంటుంది, దాని జోలికి కూడా వెళ్ళకండి. ఎర్ర గుర్తు చెప్పేది ల్యాప్‌టాప్‌కూ పెట్టెకూ మాట కలవలేదని మాత్రమే. ఫొటోల సంగతి అది చెప్పదు.

ఒక చిన్న విషయం తేల్చేసి ముందుకు వెళదాం. ల్యాప్‌టాప్ తెరవగానే ఎర్ర గుర్తు కనిపించి, రెండుసార్లు నొక్కగానే డ్రైవ్ మామూలుగా తెరుచుకుంటే అది జబ్బు కాదు. మీరు లాగిన్ అయ్యేసరికి వైఫై ఇంకా కలవలేదు, అంతే. పెట్టెలోని డిస్కులు నిద్రలో ఉన్నా మొదటిసారి కొన్ని సెకన్లు పడుతుంది. ఆగి చూడండి.

పెద్దనాన్నది అలాంటిది కాదు. తెర మీద వచ్చిన సంఖ్య చదవమన్నాను. 80070035 అన్నారు. ఇదే చిక్కుకు, ఆదేశాలు టైపు చేసే కిటికీ అయిన కమాండ్ ప్రాంప్ట్‌లో 53 అని వస్తుంది. రెండూ ఒకటే, ఎలాగో చూడండి. పొడవాటి సంఖ్య పదహారు ఆధారంగా రాసినది. దాని చివరి 35లో మూడు పదహార్లు నలభై ఎనిమిది, దానికి ఐదు కలిపితే 53. "నెట్‌వర్క్ దారి దొరకలేదు" అని అర్థం. చాలామంది ఈ సంఖ్యను చదవకుండానే ఆ కిటికీ మూసేస్తారు. నేను బతిమాలుకునేది ఇదే, దాన్ని కాగితం మీద రాసిపెట్టుకోండి. 1326 వస్తే పేరో పాస్‌వర్డో తప్పు. 5 వస్తే పెట్టె దాకా వెళ్ళారు, అక్కడ మీకు అనుమతి లేదు. 53 వస్తే సాధారణంగా అక్కడిదాకా వెళ్ళనే లేదు. ఏది వచ్చిందో తెలిస్తే సగం గంట వెతుకులాట తప్పుతుంది.

ఎక్స్‌ప్లోరర్‌లో ఎడమవైపు నెట్‌వర్క్ అని ఒక చోటు ఉంటుంది. అందులో పెట్టె పేరు కనిపించకపోతే పెట్టె చెడిపోయిందనే నిర్ణయానికి వచ్చేస్తారు. కనిపించకపోవడం వేరు, అందకపోవడం వేరు. ఫైళ్ళు పంచుకునే భాష పేరు ఎస్ఎంబీ. దాని మొదటి వెర్షన్‌ను నమ్ముకున్న ఒక పాత సేవ ఆ జాబితాను తయారుచేసేది. 2017 అక్టోబరులో వచ్చిన విండోస్ 10 వెర్షన్ నుంచి, కొత్తగా ఎక్కించిన కంప్యూటర్లలో ఆ మొదటి వెర్షన్ మామూలుగా ఉండదు. దాంతో ఆ జాబితా రాసే సేవ కూడా పోయింది. ఇప్పుడు కొత్త పద్ధతిలో "నేను ఇక్కడ ఉన్నాను" అని తమంతట తాము ప్రకటించుకునే పరికరాలే అక్కడ కనిపిస్తాయి. పాత పెట్టెలు చాలావాటికి ఆ ప్రకటన చేయడం రాదు. అయినా వాటి తలుపు తెరిచే ఉండవచ్చు.

కాబట్టి జాబితాను వదిలేయండి. ఎక్స్‌ప్లోరర్ పైన చిరునామా పట్టీలో రెండు వెనక్కి వాలిన గీతలు, వాటి వెంటనే నెట్‌వర్క్‌లో పెట్టెకు ఉన్న చిరునామా సంఖ్య కొట్టండి. ఇలా: \\192.168.1.20. ఇది తెరుచుకుంటే దారి బాగుంది, చిక్కు పేరుతోనే. పాత జెడ్‌ను తీసేసి, సంఖ్యతో మళ్ళీ మ్యాప్ చేసుకుంటే, అంటే ఆ ఫోల్డర్‌కు జెడ్ అక్షరాన్ని మళ్ళీ తగిలిస్తే సరిపోతుంది.

పెద్దనాన్న అలాగే కొట్టారు. తెరుచుకోలేదు. పింగ్ చేయించాను, అంటే పెట్టె పలుకుతుందో లేదో ఒక చిన్న ఆదేశంతో పిలిపించి చూశాను, జవాబు లేదు. "నేనేమీ ముట్టుకోలేదురా" అన్నారు. నిజమే, ఆయన ముట్టుకోలేదు. పండక్కి వచ్చిన మా అన్నయ్య, మేడ మీదకు వైఫై అందడం లేదని కొత్త రౌటరు కొని బిగించి వెళ్ళాడు. తండ్రికి మంచి చేద్దామనే చేశాడు.

ఇది మన ఊళ్ళలో చాలా ఇళ్ళలో ఉన్న ఏర్పాటు కనుక నిదానంగా చెబుతాను. ఫైబర్ కనెక్షన్ ఇచ్చినవాళ్ళు గోడకు ఒక పెట్టె బిగించి వెళతారు. చాలా ఇళ్ళలో అది కూడా ఒక రౌటరే. దానికి మనం కొన్న రౌటరును తగిలిస్తాం. రెండూ వైఫై ఇస్తాయి, రెండింట్లోనూ ఇంటర్నెట్ వస్తుంది. ఇల్లంతా ఒకటే నెట్‌వర్క్ అనుకుంటాం. కానీ మా పెద్దనాన్న ఇంట్లో కింది పెట్టె 192.168.1తో మొదలయ్యే చిరునామాలు పంచుతోంది, మేడ మీది రౌటరు 192.168.0తో మొదలయ్యేవి పంచుతోంది. ఒకే ఇంట్లో రెండు వీధులు. పైగా లోపలి రౌటరు, అంటే మేడ మీదిది, తన వెనక ఉన్న పరికరాలను బయటివాళ్ళకు అందకుండా కాపాడుతుంది. ఇంటర్నెట్ నుంచి తలుపు తట్టే అపరిచితులను ఆపడానికే ఆ కాపలా. కింద పాత వైఫైని పట్టుకున్న ల్యాప్‌టాప్ కూడా దాని లెక్కలో అపరిచితమే.

అన్నయ్య నాస్ పెట్టెను కూడా మేడ మీదకు మార్చి కొత్త రౌటరుకు కలిపాడు. పెద్దనాన్న కూర్చునేది కింద వరండాలో. మేడ మీద కూర్చుంటే వస్తుంది, కిందికి దిగితే రాదు అని ఎవరైనా చెబితే నేను మొదట అనుమానించేది ఈ రెండు రౌటర్లనే. నాస్ కింద ఉండి ల్యాప్‌టాప్ మేడ మీద ఉంటే మాత్రం, సంఖ్య కొడితే సాధారణంగా తెరుచుకుంటుంది. లోపలి నుంచి బయటికి వెళ్ళే మాటను రౌటరు అడ్డుకోదు మరి.

మీ ఇంట్లో చూసుకోవడానికి కమాండ్ ప్రాంప్ట్‌లో ఐపీకాన్ఫిగ్ (ipconfig) అనే ఆదేశం కొట్టండి. ల్యాప్‌టాప్ చిరునామాలోని మొదటి మూడు సంఖ్యలు పెట్టె చిరునామాలోని మొదటి మూడింటితో కలవాలి. 169.254తో మొదలైతే ల్యాప్‌టాప్‌కు రౌటరు నుంచి చిరునామానే దొరకలేదు. అతిథుల కోసం పెట్టిన వైఫైకి కలిసి ఉన్నారేమో కూడా చూడండి. అది ఇంటర్నెట్ ఇస్తుంది కానీ, మామూలుగా ఇంట్లోని మిగతా పరికరాలను ముట్టుకోనివ్వదు.

కొత్త రౌటరును యాక్సెస్ పాయింట్ పద్ధతికి మార్పించాను. ఇక అది చిరునామాలు పంచదు, కింది పెట్టె ఇచ్చినవాటినే మేడ మీదకు చేరవేస్తుంది. తరువాత కింది పెట్టె సెట్టింగుల్లోకి వెళ్ళి 192.168.1.20ని నాస్‌కే శాశ్వతంగా కేటాయించాం. ఈ పని తప్పకుండా చేయండి. లేకపోతే కరెంటు పోయి వచ్చినప్పుడు పెట్టెకు వేరే సంఖ్య దక్కవచ్చు, జెడ్ మాత్రం పాత సంఖ్యనే వెతుకుతూ ఉంటుంది.

మళ్ళీ కొట్టమన్నాను. ఈసారి వేరే సందేశం వచ్చింది. పెద్దనాన్న నీరసపడ్డారు, నాకు మాత్రం ప్రాణం లేచివచ్చింది. సందేశం మారిందంటే మొదటి అడ్డంకి దాటామన్నమాట. గుర్తింపు లేని అతిథి ప్రవేశాన్ని మీ సంస్థ భద్రతా విధానాలు అడ్డుకుంటున్నాయి అని దాని సారాంశం. "రిటైరైనవాడికి సంస్థ ఎక్కడిదిరా?" అని అడిగారు. న్యాయమైన ప్రశ్న. ఇంట్లో వాడుకునే మనిషికి ఇలాంటి మాటలతో చెప్పడం సరైనది కాదని నా అభిప్రాయం.

జరిగింది ఇది. ఆ పెట్టెలో ఫోల్డర్‌ను పాస్‌వర్డ్ లేకుండా, ఎవరైనా అతిథిగా రావచ్చు అన్నట్టు పెట్టారు. 2024లో వచ్చిన విండోస్ 11, 24హెచ్2 వెర్షన్ ప్రో రకంలో ఆ పద్ధతిని మూసేశారు. అవతలి పెట్టె పంపే ప్రతి మాట మీదా, అది నిజంగా దానిదేనని రుజువు చేసే డిజిటల్ సంతకం ఉండాలని కూడా అది పట్టుబడుతుంది. పాస్‌వర్డ్ లేని అతిథి ఆ సంతకం చేయలేడు. ఆయన ల్యాప్‌టాప్ అంతకు కొద్ది రోజుల ముందే ఆ వెర్షన్‌కు మారింది. హోమ్ రకంలో ఈ కట్టడి ఇలా లేదు. అందుకే ఒకే ఇంట్లో ఒక ల్యాప్‌టాప్‌లో తెరుచుకుని, పక్కదానిలో తెరుచుకోకపోవచ్చు.

దీనికి సలహా వెతికితే, ఆ కట్టడిని తీసేయండి, లేదా ఎస్ఎంబీ మొదటి వెర్షన్‌ను మళ్ళీ ఎక్కించండి అని చెప్పేవాళ్ళు చాలామంది కనిపిస్తారు. రెండు నిమిషాల్లో పని అయిపోతుంది కూడా. అయినా నేను చెప్పను. 2017 మే నెలలో వాన్నాక్రై అనే హానికర ప్రోగ్రామ్ ప్రపంచమంతా పాకింది ఆ మొదటి వెర్షన్‌లోని లోపం గుండానే. ఫైళ్ళన్నింటికీ తాళం వేసి డబ్బు అడిగింది. బ్రిటన్‌లో ఆస్పత్రులు రోగులను వెనక్కి పంపవలసి వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. ఆ లోపానికి మైక్రోసాఫ్ట్ మార్చిలోనే మరమ్మతు ఇచ్చింది, వేసుకోనివాళ్ళే ఎక్కువగా దెబ్బతిన్నారు. నాయనమ్మ ఫొటో ఉన్న పెట్టెకు ఆ పాత తలుపు తెరిచిపెట్టమని నేను చెప్పలేను. మీ పాత రౌటరు వెనక యూఎస్‌బీ రంధ్రానికి తగిలించిన డిస్కు ఆ మొదటి వెర్షన్ తప్ప మరోటి మాట్లాడకపోతే, డిస్కును నేరుగా కంప్యూటర్‌కు తగిలించి ఫైళ్ళను కాపీ చేసుకోండి. ఇక్కడ కూడా ఫార్మాట్ అడిగితే వద్దనండి.

పెద్దనాన్న పెట్టెలో ఆయన పేరుతో ఒక వాడుకరిని సృష్టించి, పాస్‌వర్డ్ పెట్టించి, ఆ ఫోల్డర్ మీద చదివే, రాసే అనుమతులు ఇప్పించాను. మ్యాప్ చేయబోతే 1219 వచ్చింది. ఒకే పెట్టెకు ఒకేసారి రెండు వేర్వేరు పేర్లతో వెళ్ళడం కుదరదని విండోస్ చెబుతోంది. పాత కనెక్షన్ ఇంకా వేలాడుతోంది. నెట్ యూజ్ (net use * /delete) ఆదేశంతో పాతవన్నీ తీసేసి, విండోస్ పేర్లూ పాస్‌వర్డ్‌లూ గుర్తుపెట్టుకునే క్రెడెన్షియల్ మేనేజర్‌లో దాచుకున్న పాత వివరాలు కూడా తొలగించి, ఒకసారి సైన్ అవుట్ అయి వచ్చాం.

మీది నాస్ కాకుండా, మరో విండోస్ కంప్యూటర్‌లోని ఫోల్డర్ అయితే మూడు సంగతులు చూడండి. ఆ కంప్యూటర్ నిద్రపోకూడదు. దాని నెట్‌వర్క్ ప్రైవేట్ అని ఉండాలి, పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ మామూలుగా 445వ పోర్టును, అంటే ఎస్ఎంబీ వచ్చే ద్వారాన్ని మూసే ఉంచుతుంది. మూడోది, ల్యాప్‌టాప్ తెరిచే నాలుగంకెల పిన్ ఇక్కడ పనికిరాదు. పిన్ ఆ ఒక్క యంత్రానికే పరిమితం, నెట్‌వర్క్ అడిగేది అసలు పాస్‌వర్డ్. సరైనదే కొడుతున్నాను, తప్పంటోంది అని బాధపడేవాళ్ళలో పిన్ కొట్టేవాళ్ళు చాలామందే ఉంటారు.

పదకొండు గంటలకు జెడ్ తెరుచుకుంది. పెద్దనాన్న ఏమీ మాట్లాడలేదు. ఫోల్డర్లు ఒక్కొక్కటీ తెరుస్తున్న చప్పుడు ఫోనులో వినిపించింది. "ఉందిరా, అమ్మ ఫొటో ఉంది" అన్నారు. ఆ రెండు డిస్కులు ఒకదాన్ని మరొకటి అచ్చంగా అనుసరిస్తాయి, ఒకదానిలో పొరపాటున చెరిపితే రెండో దానిలోనూ చెరిగిపోతుంది. అందుకని ఆ సాయంత్రమే విడిగా ఒక యూఎస్‌బీ డిస్కు తెప్పించి ఫొటోలన్నీ దానిలోకి కాపీ పెట్టించాను. రాత్రి తొమ్మిదిన్నరకు పూర్తయింది. దాన్ని ఇప్పుడు బీరువాలో, ఇంటి దస్తావేజులతో కలిపి పెట్టారు.