మెదడు ఆగిపోయాక రక్తంలో సోడియం ఎందుకు పెరుగుతుంది?

[తెర మీద: మంచం పక్కన వేలాడే యూరిన్ బ్యాగ్. లోపల ఉన్నది దాదాపు మంచినీళ్ల రంగు.]

"మూత్రం మంచిగనే వస్తుంది గదా డాక్టర్ సాబ్. కిడ్నీలు మంచిగ పనిచేస్తున్నట్టే గదా. మరి మనిషి లేడంటరేంది?"

హైదరాబాద్‌లో న్యూరో ఐసీయూల బయట ఈ మాట తరచూ వినిపిస్తుంది. బండి మీద వెళ్లిన కొడుకు తలకు దెబ్బ తగిలి వెంటిలేటర్ మీద ఉన్నాడు. డాక్టర్లు బ్రెయిన్ డెత్ అంటున్నారు. కానీ గుండె కొట్టుకుంటోంది, ఒళ్లు వెచ్చగా ఉంది, బ్యాగ్ గంటగంటకీ నిండుతోంది. అడగకుండా ఎలా ఉంటారు? పైగా చేతికిచ్చిన రిపోర్టులో సోడియం 168 అని ఉంది. బ్యాగ్ నిండటానికీ సోడియం పెరగడానికీ చాలాసార్లు కారణం ఒకటే.

[బొమ్మ: మెదడు అడుగున పిట్యూటరీ గ్రంథి. అక్కణ్నుంచి కిడ్నీ దాకా బాణం.]

మన కిడ్నీలు రోజుకి దాదాపు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. బయటికొచ్చే మూత్రం మాత్రం లీటరున్నర, రెండు లీటర్లు. మిగతాదంతా మళ్లీ రక్తంలోకే పోతుంది. ఆ చివరి విడత నీళ్లను వదలొద్దని కిడ్నీకి చెప్పేది వాసోప్రెసిన్ అనే హార్మోన్. అది మెదడులోని హైపోథాలమస్‌లో తయారై, పిట్యూటరీ వెనక భాగంలో నిలవ ఉంటుంది.

పుర్రె లోపల వాపు పెరిగి మెదడుకు రక్తం అందడం ఆగితే, చాలామందిలో ఈ హార్మోన్ కూడా ఆగిపోతుంది. అప్పటికే రక్తంలో ఉన్నది కాసేపట్లో ఖర్చయిపోతుంది. కిడ్నీ బాగానే ఉంది, దానికి కబురే అందడం లేదు. 70 కిలోల మనిషికి గంటకు 280 మిల్లీలీటర్లు దాటి మూత్రం పోవచ్చు, అంటే రోజుకి ఆరున్నర లీటర్ల పైమాటే. పోయేది ఎక్కువగా నీళ్లే, ఉప్పు లోపలే మిగులుతుంది. 135 నుంచి 145 మధ్య ఉండాల్సిన సోడియం 150, 160 దాటేస్తుంది. దీన్ని డయాబెటిస్ ఇన్సిపిడస్ అంటారు. షుగర్ జబ్బుకీ దీనికీ సంబంధం లేదు.

ఆ అమ్మానాన్నలను పక్కన కూర్చోబెట్టుకుని చెప్పాల్సింది ఇదే. అలా నీళ్లలా నిండే బ్యాగ్‌ను చూసి కోలుకుంటున్నాడని అనుకోవడానికి లేదు.

అలాగని సోడియం పెరిగిన ప్రతి పేషెంటూ బ్రెయిన్ డెత్ అనుకోకండి, దయచేసి. మెదడు వాపు తగ్గడానికి ఇచ్చే మానిటాల్, 3 శాతం సెలైన్ వల్ల కూడా సోడియం పెరుగుతుంది. పిట్యూటరీ ఆపరేషన్ తర్వాత కొందరికి ఇదే ఇబ్బంది వచ్చి తగ్గిపోతుంది. మరోవైపు, బ్రెయిన్ డెత్ అయిన కొందరిలో సోడియం మామూలుగానే ఉంటుంది. సోడియం అంకె చూసి ఎవరూ మరణాన్ని నిర్ధారించరు.

[తెర మీద: పరీక్షల వరుస. కంటిపాప, దగ్గు, శ్వాస.]

నిర్ధారించే పద్ధతి 1994 నాటి అవయవ మార్పిడి చట్టంలో ఉంది. నలుగురు డాక్టర్ల బోర్డు, కనీసం 6 గంటల తేడాతో రెండుసార్లు పరీక్ష చేయాలి. అవయవాలు అమర్చే టీమ్‌లోని వాళ్లు ఆ నలుగురిలో ఉండకూడదు. సొంతంగా ఊపిరి తీసుకోగలరా అని చూసే ఆప్నియా టెస్టులో ఆక్సిజన్ అందిస్తూనే వెంటిలేటర్ తీసి, రక్తంలో కార్బన్ డయాక్సైడ్ 60 mmHg దాటుతున్నా ఛాతీ కదులుతుందా లేదా అని చూస్తారు. సోడియం విపరీతంగా పెరిగితే దానంతట అదే మనిషిని మత్తులోకి నెట్టగలదు. అందుకే ముందు దాన్ని దించి, తర్వాతే ఈ పరీక్షలు చేయాలి. నన్నడిగితే, కుటుంబం మొహమాటపడకుండా అడగాల్సిన ప్రశ్న ఇది: "పరీక్షప్పుడు సోడియం ఎంత ఉంది సార్?"

[దగ్గరగా: గంటగంటకీ కొలత రాసుకుంటున్న సిస్టర్ చార్టు]

దించడం ఎలా? పోయిన నీళ్ల లెక్క చూడండి. 70 కిలోల మగమనిషికి సోడియం 168 ఉంటే, ఒంట్లో దాదాపు 8 లీటర్ల నీళ్లు తక్కువున్నట్టు. దానికి బదులు నార్మల్ సెలైన్ మీద సెలైన్ ఎక్కిస్తే? అందులో లీటరుకి 154 సోడియం ఉంటుంది. నీళ్లలాంటి మూత్రం పోతుంటే ఉప్పునీళ్లు పోసినట్టవుతుంది, సోడియం ఇంకా ఎక్కుతుంది. బీపీ పడిపోయినప్పుడు ముందు సెలైనో రింగర్ లాక్టేటో ఇవ్వక తప్పదు. అది నిలబడ్డాక ముక్కులోంచి పొట్టలోకి వేసే రైల్స్ ట్యూబ్ గుండా మామూలు నీళ్లు, నరం ద్వారా 5 శాతం డెక్స్‌ట్రోజ్ ఇస్తారు. డెక్స్‌ట్రోజ్ ఎక్కువైతే షుగర్ పెరిగి మూత్రం ఇంకా పోతుంది, కాబట్టి దానికీ కాపలా కాయాలి. అసలు మందు, ఆగిపోయిన హార్మోన్‌ను బయటి నుంచి ఇవ్వడమే. డెస్మోప్రెసిన్ ఇంజెక్షన్ చేస్తారు, బీపీ కూడా తక్కువుంటే వాసోప్రెసిన్ డ్రిప్ పెడతారు.

ఇక్కడ ఒక కఠినమైన విషయం. బతికున్న మనిషిలో, కొన్నాళ్లుగా పెరిగి ఉన్న సోడియాన్ని రోజుకి 10, 12కి మించి దించరు, ఎందుకంటే మెదడు ఉబ్బిపోతుంది. బ్రెయిన్ డెత్ నిర్ధారణ అయ్యాక ఆ భయం ఉండదు, త్వరగా దించొచ్చు. నిర్ధారణ కాకముందు మాత్రం బతికున్న మనిషికి తీసుకునే జాగ్రత్తలన్నీ తీసుకోవాల్సిందే.

ఇంత శ్రమ ఎవరి కోసమంటే, అవయవదానానికి కుటుంబం ఒప్పుకుంటే లివర్ అందుకునే మనిషి కోసం. ఎక్కువ సోడియంలో ఉన్న లివర్ కణాలు నీటిని పట్టి ఉంచే పదార్థాలను తమలో నింపుకుని సర్దుకుంటాయి. వాటిని మామూలు సోడియం ఉన్న ఒంట్లో పెడితే, నీళ్లలో వేసిన ఎండుద్రాక్షలా ఉబ్బుతాయి. ఆ నష్టం ఎంతన్న దాని మీద అధ్యయనాల్లో తేడాలున్నాయి. అయినా చాలా కేంద్రాలు 155 లోపు తేవాలనే చూస్తాయి.

[తెర మీద: హైదరాబాద్ మెట్రో రైలు]

2025 జనవరిలో ఎల్బీనగర్ నుంచి లక్డీకాపూల్‌కి మెట్రోలో గుండెను 13 నిమిషాల్లో చేర్చిన వార్త మీరు చూసే ఉంటారు. ఆ ప్రయాణాన్ని కెమెరాలు చూపిస్తాయి. ఏ దాత విషయంలోనైనా అంతకుముందు రాత్రంతా బ్యాగ్ కొలిచి, కొన్ని గంటలకోసారి రక్తం పరీక్షకు పంపిన సిస్టర్లను ఎవరూ చూపించరు. చూపించాలని నా కోరిక.

ఇంకొక్క మాట, బయటి బెంచీల మీద గుసగుసగా వినిపించేది: "పోయిన మనిషికి ఇన్ని మందులా? బిల్లు కోసమే." దానానికి ఒప్పుకున్న తర్వాత దాతను నిలబెట్టి ఉంచే ఖర్చు కుటుంబం మీద పడకూడదని 2014 నిబంధనలు చెబుతున్నాయి. తెలంగాణలో ఈ దానాలను నడిపే జీవన్‌దాన్ నిమ్స్‌లో ఉంది. ఏ సమయం నుంచి ఖర్చు మీది కాదో ఆసుపత్రి కోఆర్డినేటర్‌ని అడిగి, కాగితం మీద రాయించుకోండి.